నీళ్లు వదిలే తేదీ పిల్లల తల్లిదండ్రులకూ చెప్పండి

సంపాదకులకు నమస్కారం.

కాలువలో పడి పిల్లలు చనిపోయిన వార్త మీ జిల్లా పేజీల్లో వచ్చినప్పుడల్లా చివర ఒక వాక్యం ఉంటుంది: తల్లిదండ్రులు తమ పిల్లలను కాలువల వైపు వెళ్లనివ్వరాదని అధికారులు హెచ్చరించారు. ఆ వాక్యం గురించే ఈ ఉత్తరం. హెచ్చరించిన వారిని తప్పుపట్టాలని కాదు. ఆ మాట మా ఇళ్లలో అమలయ్యేది కాదని చెప్పాలని.

మాది కోనసీమలో ఒక కాలువ గట్టు ఊరు. వీధి గుమ్మం దిగితే గట్టు, గట్టు దిగితే నీళ్లు. బడి అవతలి ఒడ్డున ఉంది. కిరాణా కొట్టు, రామాలయం, పాలకేంద్రం అన్నీ గట్టు వెంబడే. పెరటి వైపు వెళ్తే పంట బోదె, దాన్ని దాటితే కొబ్బరితోట, తోట చివర ఎవరిదో చేపల చెరువు. పిల్లవాడు ఏ దిక్కుకు నడిచినా నీటి దగ్గరికే చేరతాడు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయినప్పటి నుంచి మా ఊళ్లు కాలువల వెంటే పెరిగాయి. మా అన్నం ఆ నీటిదే. ఆ ఆనకట్ట కట్టించిన కాటన్ దొర విగ్రహానికి మా పెద్దలు దండ వేసేది అందుకే. ఇలాంటి చోట పుట్టిన పిల్లవాడిని నీటి వైపు వెళ్లవద్దంటే ఇల్లు కదలవద్దనడమే.

నేను దర్జీని. సెంటర్‌లో చిన్న దుకాణం. నాకు ఇద్దరు మగపిల్లలు. పెద్దవాడికి తొమ్మిదేళ్లు, చిన్నవాడికి అయిదు నిండాయి. ఇద్దరూ ఒకే బడి. వాళ్ల అమ్మ ఇల్లు కట్టుకున్న అప్పు తీరేదాకా అని కువైట్ వెళ్లింది, ఒక ఇంట్లో పనికి. మా వైపు ఇది కొత్త సంగతి కాదు, ప్రతి వీధిలోనూ అలాంటి ఇళ్లు ఉన్నాయి. మా అమ్మ మాతోనే ఉంటుంది కానీ ఆమెకు మోకాళ్ల నొప్పులు. గుమ్మంలో కూర్చుని మనవలను పిలవగలదు, వాళ్ల వెనక పరుగెత్తలేదు.

పిల్లలు ఇద్దరున్న ఇల్లు ఎలా ఉంటుందో పెంచినవారికి తెలుసు. పొద్దున్నే పెద్దవాడిని లేపితే చిన్నవాడు తనంతట తానే లేస్తాడు, అన్న ముందు లేచాడని ఏడుస్తాడు. అన్నకు ఇడ్లీ మూడు పెడితే తనకూ మూడే కావాలి, రెండోది తినలేక మూడోది అన్న పళ్లెంలోకి నెడతాడు. పెద్దవాడి చొక్కా పొట్టి అయినప్పుడు నేను భుజాల దగ్గర విప్పి, పక్కలు లోపలికి పట్టి చిన్నవాడికి సరిచేస్తాను. కొత్తది కుట్టి ఇచ్చినా వాడికి ఆ పాతదే ఇష్టం, ఎందుకంటే అది అన్నది. బండి మీద ముందు కూర్చోవడానికి రోజూ తగాదా. రాత్రి పడుకునేటప్పుడు మధ్యలో గీత గీసి ఇటు రావద్దంటాడు పెద్దవాడు. అర్ధరాత్రి చూస్తే తమ్ముడి కాలు వాడి పొట్ట మీద ఉంటుంది, చెయ్యి తమ్ముడి మీద ఉంటుంది.

వాళ్ల అమ్మ సాయంత్రం అయిదు ప్రాంతంలో ఫోను చేస్తుంది. అప్పుడు అక్కడ మధ్యాహ్నం రెండున్నర, ఆ ఇంటివాళ్లు నడుం వాల్చే వేళ. చిన్నవాడు ఫోను లాక్కుని ఊగుతున్న పన్ను చూపిస్తాడు, బడిలో ఇచ్చిన చిక్కీ దాచి తెచ్చి చూపిస్తాడు. పెద్దవాడు పక్కన నిలబడి అడిగిన దానికి మాత్రం జవాబు చెప్తాడు, ఫోను పెట్టేశాక ఒక గంట ఎవరితోనూ మాట్లాడడు. ఆమె నన్ను అడిగే మొదటి మాట మాత్రం మారదు: "ఏవండీ, ఇద్దరూ మీ ఎదురుగానే ఉన్నారా?" వాన గురించి గానీ డబ్బు గురించి గానీ ఆ తర్వాతే. ఆమె కూడా ఈ గట్టు మీదే పుట్టి పెరిగింది. సముద్రం దాటి వెళ్లినా ఆమె భయం ఈ కాలువ దాటలేదు.

ఎదురుగా ఉన్నారా అంటే, బడి వదిలే వేళకు నేను మిషను మీద ఉంటాను. జూన్ వచ్చిందంటే మరీ. బడి పిల్లలందరికీ యూనిఫాం గుడ్డ ఒకేసారి వస్తుంది, అందరూ ఒకేసారి కొలతలు ఇస్తారు, అందరికీ ఒకే వారంలో కావాలి. ఏడాదిలో నేను రాత్రి పదింటి దాకా కుట్టేది ఆ రోజుల్లోనే. డెల్టా కాలువలకు నీళ్లు వదిలేదీ ఆ రోజుల్లోనే. వ్యవసాయ కూలీలు ఊడ్పులకు వెళ్లేది ఆ వెనకే. అంటే కాలువ నిండుగా పారే కాలంలోనే మా ఊరి పెద్దలంతా పనుల్లో మునిగి ఉంటారు. సంపాదకులు, అధికారులు దయచేసి ఈ సంగతి గమనించాలి.

ఏప్రిల్‌లో కాలువలకు నీళ్లు కట్టేస్తారు. బడులకు సెలవులు ఇచ్చేది కూడా ఆ నెల చివరే. సెలవులంతా పిల్లలకు ఆటస్థలం ఎండిన కాలువే. అడుగున క్రికెట్ ఆడతారు, మిగిలిన మడుగుల్లో చేపపిల్లలు పడతారు. కాలువ అడుగు ఎక్కడ గట్టిగా ఉందో, ఎక్కడ కాలు దిగుతుందో నా పెద్దవాడికి నాకంటే బాగా తెలుసు. అదే రోజుల్లో యంత్రాలు వచ్చి పూడిక తీస్తాయి. ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ తవ్వుతాయి. మొన్నటిదాకా మోకాలి లోతు ఉన్నచోట మనిషి లోతు గుంట పడుతుంది. జూన్‌లో నీళ్లు వచ్చి అంతా సమంగా కప్పేస్తాయి. పిల్లవాడి మనసులో మాత్రం తాను బంతి ఆడిన నేలే ఉంటుంది. ఆ ధైర్యంతో దిగుతాడు. నీటి మీద గుర్రపుడెక్క పరుచుకుంటే ఒడ్డు ఎక్కడ అయిపోయి నీళ్లు ఎక్కడ మొదలయ్యాయో చిన్నపిల్లలకు కనబడదు కూడా. లాకుల దిగువన, తూముల దగ్గర లాగే వేగం గురించి ఇక చెప్పనవసరం లేదు.

నీళ్లు వదిలే రోజున మీ పత్రికలో మంచి వార్త వేస్తారు. తూర్పు డెల్టాకు ఎన్ని క్యూసెక్కులు, మధ్య డెల్టాకు ఎన్ని, పశ్చిమ డెల్టాకు ఎన్ని అని వివరంగా ఇస్తారు. నారుమడులు ఎప్పుడు పోసుకోవాలో రైతులకు సూచనలూ ఇస్తారు. అది అవసరమే. ఆ పక్కనే మా కోసం ఒక చిన్న పెట్టె కట్టి వేయమని నా మొదటి మనవి. ఏ కాలువలోకి ఏ రోజుకు నీళ్లు చేరతాయో, శివారు ఊళ్లకు ఎప్పుడు చేరతాయో, ఈ వేసవిలో ఎక్కడెక్కడ పూడిక తీసి లోతు పెంచారో అందులో ఉండాలి. ఆ సమాచారం జలవనరుల శాఖ దగ్గర ఉంటుంది. గోదావరికి వరద వస్తే ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకు మొదటి హెచ్చరిక, 13.75కు రెండవది, 17.75కు మూడవది అని నా పెద్దవాడు ఎక్కాల్లా అప్పజెప్తాడు, పత్రికల్లో, టీవీల్లో అన్నిసార్లు విన్నాడు. 2022 జూలైలో 25 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చినప్పుడు లంక గ్రామాల వారిని ముందే తరలించగలిగింది ఆ హెచ్చరికలు ఉండబట్టే. ఇంటి ముందు కాలువకు అలాంటి హెచ్చరిక ఒక్కటీ లేదు.

మా నాన్న తరంలో ఇంతమంది పిల్లలు మునిగిపోయేవారా అని మా దుకాణం దగ్గర ఒకసారి చర్చ వచ్చింది. లెక్కలు నా దగ్గర లేవు. రేవు మాత్రం మారిపోయిందని నా కళ్లతో చూశాను. నా చిన్నప్పుడు రేవులో ఎప్పుడూ మనుషులు ఉండేవారు. పొద్దున్నే స్నానాలు, ఆ తర్వాత బట్టలు ఉతికే ఆడవాళ్లు, మధ్యాహ్నం గేదెలను కడిగేవాళ్లు, సాయంత్రం పొలం నుంచి వచ్చి కాళ్లు చేతులు కడుక్కునేవాళ్లు. పిల్లలు వాళ్ల మధ్యే దిగేవారు. ఎవడైనా లోతుకు జారితే జుట్టు పట్టుకుని లాగడానికి ఒక చెయ్యి దగ్గరలోనే ఉండేది. ఈత కూడా ఎవరో కూర్చోబెట్టి నేర్పింది కాదు. నడుముకు పంచె కట్టి ఒక మేనమామ పట్టుకునేవాడు, ఒక్కో అడుగూ లోతుకు తీసుకెళ్లి వదిలేవాడు. రెండు ఎండు కొబ్బరికాయలను పీచుతోనే ముడివేసి చంకల కింద పెట్టుకుంటే మునగనివ్వవు. అరటి దుంగ ఒకటి దొరికితే ఊరంతటి పిల్లలకూ అదే పడవ.

ఇప్పుడు ఇంటింటికీ కుళాయి వచ్చింది, స్నానాల గది వచ్చింది. ఆడవాళ్లకు ఎంత సుఖమో నాకు తెలుసు, వాటిని వద్దనేవాడిని కాదు. కానీ రేవు ఖాళీ అయిపోయింది. మెట్లు విరిగాయి, మిగిలిన వాటికి పాచి పట్టింది. మధ్యాహ్నం మూడున్నర తర్వాత అక్కడికి వచ్చేది పిల్లలు మాత్రమే. మునిగిపోయే పిల్లవాడు కేకలు వేస్తాడని చాలామంది అనుకుంటారు. వేయలేడు. ఊపిరికే దిక్కు లేనప్పుడు గొంతు ఎక్కడ లేస్తుంది? పది గజాల దూరంలో ఎవరున్నా వినపడదు, చూస్తూ ఉంటే తప్ప తెలియదు. చూసే మనుషులే ఇప్పుడు రేవులో లేరు.

ఆ లోటును మనం ఎవరి మీద వేశామో తెలుసా? ఇంట్లో పెద్ద పిల్లవాడి మీద. "తమ్ముణ్ణి చూసుకో" అని చెప్పి పనికి వెళ్లని తల్లి గానీ తండ్రి గానీ మా వైపు లేరు. చెల్లెలు ఉంటే ఆ మాట అక్కకు చెప్తారు. నేనూ చెప్తాను. చెప్పక తప్పదు కూడా. కానీ ఆ మాట తొమ్మిదేళ్ల పిల్లవాడి చెవికి ఎలా వినిపిస్తుందో ఆలోచించాలి. తమ్ముడికి ఏమైనా అయితే అది తన తప్పు అని వాడికి వినిపిస్తుంది. అందుకే తమ్ముడు జారితే అన్న దూకుతాడు. ఈత రాకపోయినా దూకుతాడు. మీ పత్రికలో "కాలువలో పడి అన్నదమ్ముల మృతి" అన్న శీర్షిక చూసిన ప్రతిసారీ నాకు అర్థమయ్యేది అదే. ఒకడు జారాడు, రెండోవాడు వదల్లేకపోయాడు. ఇద్దరూ ఒకేసారి జారిన సందర్భాలు తక్కువే ఉంటాయని నా నమ్మకం.

మా వీధి చివర పూర్వం పడవ నడిపిన పెద్దాయన ఒకరు ఉన్నారు. వంతెన కట్టాక పడవ ఆగిపోయింది గానీ నీటి సంగతి ఆయనకు తెలిసినంత ఎవరికీ తెలియదు. పెద్దవాడికి ఈత నేర్పమని ఆయననే అడిగాను. "నేర్పుతాను గానీ నువ్వూ రేవులో ఉండాలి, చిన్నవాడినీ తీసుకురావాలి" అన్నారు. చిన్నవాడెందుకని అడిగితే, "ఒకడికి నేర్పి రెండోవాడిని ఇంట్లో ఉంచితే వాడు దొంగతనంగా వస్తాడు" అన్నారు. ఇద్దరు పిల్లలను పెంచుతున్న నాకు తట్టనిది ఆయనకు తట్టింది.

నీళ్లు వచ్చిన కొత్తలో, పారుదల ఇంకా తక్కువగా ఉన్న రోజుల్లో, పొద్దున్నే దిగేవాళ్లం. మొదట ఈత అన్న మాటే లేదు. మెట్టు మీద కూర్చుని ముఖం నీళ్లలో పెట్టి ఊపిరి వదలడం, తల ఎత్తి పీల్చుకోవడం. తర్వాత వెల్లకిలా తేలడం. ఆయన అరచెయ్యి వీపు కింద ఉంటుంది, నెమ్మదిగా తీసేస్తారు. పెద్దవాడు చెయ్యి తీశారని తెలియగానే మునిగేవాడు, తెలియనంతసేపూ తేలేవాడు. ఒకరోజు తెలిసి కూడా తేలాడు. అప్పుడు వాడి ముఖం వాళ్ల అమ్మ చూడాల్సింది. ఈదలేక అలసిపోయినా వెల్లకిలా తేలుతూ ఉంటే ఎవరో ఒకరు వచ్చేదాకా ప్రాణం నిలుస్తుందని, అది వచ్చాకే చేతులు కాళ్లు ఆడించడం నేర్పుతానని ఆయన పద్ధతి. మెట్టు పట్టుకుని కాళ్లు కొట్టడం, కొబ్బరికాయల జతతో నాలుగు బారలు, తర్వాత అవి లేకుండా. చిన్నవాడి నడుముకు నేను నవారు రెండు పొరలు వేసి పట్టీ కుట్టాను, వెనక ఇనుప రింగు పెట్టి తాడు కట్టాను. తాడు నా చేతిలో, వాడు మెట్టు మీద. వాడి వయసుకు ఈత ఇంకా తొందరే. నీళ్లలో కళ్లు తెరవడం, జారితే వెనక్కి తిరిగి మెట్టు పట్టుకోవడం మాత్రం వచ్చింది.

అన్నిటికంటే కష్టమైన పాఠం ఈతలో లేదు. "తమ్ముడు లోతులో పడితే నువ్వు దూకకూడదు" అని పెద్దాయన చెప్పగానే పెద్దవాడు ఆయన వైపు కాకుండా నా వైపు చూశాడు. "మరి చూస్తూ ఉండాలా నాన్నా?" అన్నాడు. వాడి గొంతు వణికింది. వద్దురా, ఇంకో మూడు పనులు ఉన్నాయి, అవి దూకడం కంటే ఎక్కువ పని చేస్తాయి అని చెప్పడానికి నాకు కొంత సమయం పట్టింది. కేక వేయాలి, ఎవరో ఒకరు వచ్చేదాకా ఆపకుండా. చేతికి అందేది ఏదైనా చాచాలి: వెదురు గెడ, తువ్వాలు, కొబ్బరి మట్ట. అందకపోతే తేలేది విసరాలి. చాచేటప్పుడు నిలబడకూడదు, బోర్లా పడుకోవాలి, లేకపోతే పట్టుకున్నవాడు లాగేస్తాడు. ఇవన్నీ మాటలతో వచ్చేవి కావు కాబట్టి ఆడించాం. నేను నీళ్లలో ఉండి మునిగిపోతున్నట్టు చేతులు కొట్టాను, వాడు గెడ చాచాడు. నా బరువుకు మొదట వాడే జారబోయాడు. బోర్లా పడుకుని రెండోసారి లాగగలిగాడు. ఇప్పుడు రేవు పక్కన చెట్టుకు ఒక నైలాను తాడు వేలాడుతోంది, దాని చివర నూనె డబ్బా కట్టి ఉంది. ఖాళీ డబ్బా గాలికి ఎటో పోతుంది కాబట్టి గుక్కెడు నీళ్లు పోసి మూత బిగించాం. పీచు తాడు మాకు ఉచితంగా దొరుకుతుంది గానీ వానకు చివికిపోతుంది, నమ్మలేం.

ఊళ్లో మిగతా పిల్లల తల్లిదండ్రులతో ఈ మాట అంటే రెండు అభ్యంతరాలు వచ్చాయి. ఈత వస్తే భయం పోయి ఎక్కువగా నీళ్లలోకి దిగుతారు అన్నది ఒకటి. నా పిల్లలిద్దరిలో నేను చూసింది ఇంకోలా ఉంది. లోతు తెలిసిన తర్వాతే పెద్దవాడు వంతెన మీద నుంచి దూకే పిల్లలను ఆపడం మొదలుపెట్టాడు. నీళ్లు ఏం చేయగలవో వాడి ఒంటికి తెలిసింది కాబట్టి. రెండోది, కాలువ నీళ్లు బాగాలేవన్నది. అది నిజం. మురుగు కలుస్తోంది, చెత్త వేస్తున్నారు. ఊరికి ఎగువన శుభ్రమైన రేవు చూసుకుని, ఇంటికి రాగానే సబ్బుతో స్నానం చేయించడమే మేము చేసింది. కాలువలో చెత్త వేయకుండా ఆపాల్సిన బాధ్యత పంచాయతీలదీ మా అందరిదీ. అది ఇంకో ఉత్తరం రాయదగిన సంగతి.

ఆడపిల్లలకు ఎందుకులే అని అన్నవారూ ఉన్నారు. నాకు ఆడపిల్లలు లేరు గానీ రేవులో బిందె ముంచేది, గిన్నెలు కడిగేది, తమ్ముణ్ణి చంకనెత్తుకుని గట్టు మీద నడిచేది ఎక్కువగా వాళ్లే. వాళ్లకు ముందు నేర్పాలి. ఒంటికి నిండుగా ఉండే ఈత దుస్తులు కావాలంటే ఊళ్లో దర్జీలు ఉన్నాం.

ఇదంతా ఒక తండ్రి, ఒక పెద్దాయన చేసుకుంటే చాలే పని కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2021లో ప్రపంచంలో సుమారు 3 లక్షల మంది నీట మునిగి చనిపోయారు, వారిలో దాదాపు నాలుగో వంతు అయిదేళ్ల లోపు పిల్లలు. బడి ఈడు పిల్లలకు ఈత, నీటి జాగ్రత్తలు నేర్పాలని, మరీ చిన్నవారిని నీటికి దూరంగా ఉంచే చోట్లు కల్పించాలని, చుట్టుపక్కల వారికి రక్షించే పద్ధతులు నేర్పాలని ఆ సంస్థే చెబుతోంది. మనలాగే డెల్టాలో బతికే బంగ్లాదేశ్‌లో ఊరి చెరువుల్లోనే వెదురుతో వేదికలు కట్టి, వాటి మీద నిలబెట్టి పిల్లలకు ఈత నేర్పుతున్నారు. తల్లులు పనిలో ఉండే పొద్దుటి వేళ ఊళ్లలో చిన్నపిల్లల కేంద్రాలు నడుపుతున్నారు. వెదురు మనకు లేదా? చెరువులు లేవా? ఈమధ్య సంక్రాంతికి ఆత్రేయపురం దగ్గర కాలువలో పడవ పోటీలు ఎంత ఘనంగా జరిపారో మీ పత్రికలోనే ఫొటోలు చూశాం. పండుగకు కాలువను అంత జాగ్రత్తగా సిద్ధం చేయగలిగినవారు, ప్రతి మండలంలో ఒక రేవును పిల్లల ఈతకు సిద్ధం చేయలేరా? నాలుగు మెట్లు బాగుచేసి, రెండు వైపులా పట్టుకోవడానికి ఇనుప గొట్టం పాతి, నీళ్లలో లోతు గీత తెలిసేలా ఒక తాడు కట్టి, పడవ పనీ చేపల వేటా తెలిసిన వారిని ఇద్దరిని పెట్టి రోజుకూలి ఇస్తే సరిపోతుంది. ఆ కళ ఉన్నవారు ఊరూరా ఇంకా ఉన్నారు, ముసలివారవుతున్నారు. జూలై 25 ప్రపంచ నీటిమునక నివారణ దినం అని ఐక్యరాజ్యసమితి 2021లో ప్రకటించింది. ఆ రోజు మన బడుల్లో జరుపుకోవడానికి మనకంటే తగినవారు ఎవరు?

ఇంకో సంగతి తప్పకుండా రాయాలి. నీళ్లలో నుంచి తీసిన పిల్లవాడిని కాళ్లు పట్టి తలకిందులుగా వేలాడదీయడం, భుజాన వేసుకుని గిరగిర తిప్పడం, పొట్ట నొక్కి నీళ్లు కక్కించడం మా ఊళ్లలో ఇప్పటికీ చేస్తున్నారు. ప్రేమతోనే చేస్తారు, కానీ విలువైన నిమిషాలు పోతాయి, కక్కినది ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదమూ ఉంది. మా ఊరి నర్సమ్మగారు నాకు చెప్పింది ఇది: ఒకరు 108కు ఫోను చేయాలి. పిల్లవాడిని గట్టి నేల మీద వెల్లకిలా పడుకోబెట్టాలి. ఊపిరి ఆడకపోతే తల కొంచెం వెనక్కి వంచి, ముక్కు మూసి, నోట్లోకి ఊపిరి ఊదాలి. ఆ తర్వాత ఛాతీ మధ్యలో గట్టిగా, నిమిషానికి 100 నుంచి 120 సార్ల వేగంతో నొక్కాలి. ముప్పై సార్లు నొక్కి రెండు సార్లు ఊదడం, మళ్లీ నొక్కడం, అంబులెన్స్ వచ్చేదాకా ఆపకూడదు. ఊపిరి ఆడుతుంటే పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. లేచి కూర్చున్నా ఆస్పత్రికి తీసుకెళ్లాలి. నేను విని రాసిన దాని కంటే ఒకసారి చేసి చూపిస్తే వెయ్యి రెట్లు నయం. ప్రతి బడిలో తల్లిదండ్రుల సమావేశం జరిగే రోజున ఒక గంట ఇది చూపించమని ఆరోగ్య శాఖ వారిని మీ ద్వారా కోరుతున్నాను.

బడి వదిలిన తర్వాత రెండు గంటలు బడి ఆవరణ తెరిచి ఉంచమని కూడా కోరాలని ఉంది. ఊళ్లో చదువుకున్న పిల్లలు ఉన్నారు, పదవీ విరమణ చేసిన మాస్టార్లు ఉన్నారు, వంతులవారీగా ఒకరు కనిపెట్టుకుని ఉన్నా చాలు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఈ ఏర్పాటు ఉంటే, నాలాంటివాడు మిషను మీద కూర్చుని గడియారం వైపు చూసుకునే బాధ తగ్గుతుంది. పొలంలో వంగి నాట్లు వేసే తల్లికి మరీ తగ్గుతుంది.

రేవుల మరమ్మతుకు డబ్బు లేదని పంచాయతీలు అంటాయి, అది నిజం కూడా కావచ్చు. నా వంతు నేను చెప్పుకుంటాను. మా మండలంలో ఏ ఊరివారైనా పిల్లలకు ఈత నేర్పే ఏర్పాటు చేస్తే, నడుముకు కట్టే నవారు పట్టీలు ఎన్ని కావాలన్నా కుట్టుకూలి లేకుండా కుట్టి ఇస్తాను. నవారు రెండు అంగుళాల వెడల్పుది తెస్తే మంచిది, అంతకంటే సన్ననిది పొట్టకు కోసుకుంటుంది. కుట్టు నాలుగు వరుసలు వేయాలి. రింగు తుప్పుపట్టనిది చూసుకోవాలి. నిక్కరు నడుము కొలతకు మూడు అంగుళాలు కలిపి గుడ్డ తీసుకుంటే ఆ పట్టీని పిల్లవాడు పెరిగినా వదులు చేసి వాడుకోవచ్చు, తర్వాత తమ్ముడికీ పనికొస్తుంది. యూనిఫాంల పని జూన్‌లో మొదలవుతుంది కాబట్టి మే నెలలోపు కొలతలు పంపితే నీళ్లు వచ్చే నాటికి అందరివీ సిద్ధం చేస్తాను.

ఇట్లు,
ఇద్దరు పిల్లల తండ్రి, దర్జీ,
డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా